చేతి కాగితం, చేతి అచ్చు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఇంటి స్టూడియోలో ముద్రణ చిత్రాలు వేసుకోవడం గురించి రాస్తూ, కాగితం సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాను. అది పొరపాటని ఈసారి వచ్చిన ఉత్తరాలు గట్టిగానే చెప్పాయి. లినో అనే మెత్తని లినోలియం పలకను కోయడం, ఎచింగ్‌కు రాగి రేకు గీయడం గురించి అడిగినవారు ఇద్దరు ముగ్గురే. మిగిలిన వారందరి తగువూ కాగితంతోనే. అందువల్ల ఈ నెల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, స్థలం కోసం కొన్నింటిని కుదించాను.

ప్రశ్న: రెండేళ్లుగా ఇంట్లోనే లినోకట్, ఎచింగ్ చేస్తున్నాను. చేతితో చేసిన కాగితమని చెప్పి దుకాణంలో అమ్మినదాని మీద లినో చక్కగా పడుతోంది. అదే కాగితాన్ని నీళ్లలో తడిపి ఎచింగ్‌కు వాడితే మాత్రం రాగి ప్లేటుకు అంటుకుపోయి, పైపొర నూగులా ఊడి వస్తోంది. తప్పు ప్రెస్సుదా, సిరాదా, నాదా?
— ఒక చిత్రకారిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మూడింటిలో దేనిదీ కాదు. మీరు కొన్న కాగితానికి సైజింగ్ లేదు, లేదా నామమాత్రంగా ఉంది. అంటే నీటిని అడ్డుకునే జిగురు పదార్థం అందులో కలపలేదు, పైన పూయలేదు. ఇది తేల్చుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. కాగితం మూల మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క క్షణాల్లో ఇంకి మచ్చగా పరుచుకుంటే సైజింగ్ లేనట్టు. ఒకటి రెండు నిమిషాలు పూసలా నిలబడితే ఉన్నట్టు. కాగితం పనివాళ్లు ఇదే పరీక్షను నాలుక కొసతో చేస్తారు. తడి నాలుకను కాగితం పట్టేసుకుంటే దానికి దాహం ఎక్కువని అర్థం.

లినోకు సరిపోయిన కాగితం ఎచింగ్‌కు ఎందుకు సరిపోలేదన్నది మీ ప్రశ్నలోని అసలు సంగతి. లినోలో సిరా ఎత్తుగా మిగిలిన భాగం మీద ఉంటుంది. పొడి కాగితాన్ని దాని మీద పరిచి గరిటె వెనకవైపుతో రుద్దినా అచ్చు పడుతుంది. ఎచింగ్‌లో సిరా గాడుల లోపల ఉంటుంది. కాగితమే మెత్తబడి ఆ గాడుల్లోకి దిగి సిరాను పైకి తేవాలి, అందుకే దాన్ని తడుపుతాం, అందుకే రెండు ఇనుప రోలర్ల మధ్య ఉన్ని దుప్పట్లు వేసి మరీ నొక్కుతాం. కాగితంలోని పీచుపోగులను కట్టి ఉంచేది జిగురు కాదు. గుజ్జులోని నీరు ఆరిపోతున్నప్పుడు పోగుకూ పోగుకూ మధ్య ఏర్పడే హైడ్రోజన్ బంధాలే. ఆ నీరు తిరిగి లోపలికి చేరితే ఆ బంధాలు సడలిపోతాయి. సైజింగ్ ఉన్న కాగితంలో ఈ పని నిదానంగా జరుగుతుంది కాబట్టి మెత్తబడుతుందే తప్ప విడిపోదు. సైజింగ్ లేనిది తొట్టిలో మునిగిందంటే మళ్లీ గుజ్జు కావడానికి సిద్ధపడిపోతుంది. దాన్ని ప్రెస్సు కింద పెట్టినప్పుడు మీ ప్లేటుకు అంటుకున్నది ఆ సగం గుజ్జే.

మీ దగ్గర మిగిలిన కాగితాన్ని పారేయకండి. దాన్ని తొట్టిలో ముంచడం మానేయండి. రెండు అద్దుడు కాగితాలను తడిపి, నీళ్లు కారకుండా పిండి, వాటి మధ్య ఈ కాగితాన్ని పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన బరువుంచి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి గానీ చెయ్యి తడి కాకూడదు. ఎచింగ్‌కు కావలసిన తేమ అంతే. పలుచని గీతలున్న చిన్న ప్లేట్లకు ఇది చాలు.

లోతైన గాడులున్న ప్లేటయితే పైపూతగా జెలటిన్ పట్టించాలి. వంద మిల్లీలీటర్ల నీటికి రెండు, మూడు గ్రాముల జెలటిన్‌ను ముందు చల్లటి నీటిలో నాననిచ్చి, తరువాత యాభై డిగ్రీలు మించని గోరువెచ్చదనంలో కరిగించండి. మరిగిస్తే దాని పట్టు పోతుంది. వెడల్పాటి ట్రేలో పోసి, కాగితాన్ని ఒక అంచు నుంచి మెల్లగా దించి, ఎత్తి, తీగ మీద ఆరేయండి. ఈ పనికి మన వైపు డిసెంబరు, జనవరి నెలలు మంచివి. వానాకాలంలో విజయవాడ గాలిలోని చెమ్మకు జెలటిన్ ఆరకముందే బూజు పడుతుంది. మే నెలలోనేమో పైపొర ముందే ఆరిపోయి కాగితం అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. జెలటిన్‌కు బదులు గంజి పెట్టవచ్చా అని ఇంకో ఇద్దరు అడిగారు. పెట్టవచ్చు, పనిచేస్తుంది కూడా. కాకపోతే బీరువాలోని వెండిపురుగులకు విందు పెట్టినట్టే.

పటిక గురించి ఒక హెచ్చరిక అవసరం. జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన 1807లో రాళ్ల గుగ్గిలం వంటి రోజనాన్ని పటికతో కలిపి గుజ్జులోనే వేసే పద్ధతిని ప్రకటించాడు. చవక కావడంతో మిల్లులన్నీ దాన్ని అందుకున్నాయి. అయితే పటిక కాగితంలో ఆమ్లాన్ని మిగులుస్తుంది, ఆ ఆమ్లం పోగులను ఏళ్ల తరబడి కొరికేస్తుంది. మన ఇళ్లలోని పాత పుస్తకాలు పసుపెక్కి, పేజీ తిప్పగానే పెళుసుగా విరగడానికి నాసి కలప గుజ్జుతో పాటు ఇదీ ఒక కారణం. గుజ్జులోనే సైజింగ్ కలపాలనుకునే వారికి ఇప్పుడు ఆమ్లం అక్కర్లేని ఏకేడీ అనే ద్రవం దొరుకుతోంది. కాగితం చేయించుకునేటప్పుడు అది వేశారా అని అడగండి.

దుకాణంలో చేతి కాగితమని అమ్మేదానిలో చాలా భాగం పెళ్లి కార్డులకు, ఫైలు అట్టలకు, సంచులకు తయారయ్యేదేనని కూడా గుర్తుంచుకోవాలి. అది తన పనికి తాను బాగానే ఉంటుంది. ఎచింగ్ ప్రెస్సు కింద నలగడానికి దాన్ని ఎవరూ చేయలేదు. నా మటుకు నేను లినోకు, చెక్క దిమ్మెతో వేసే ఉడ్‌కట్‌కు సొంత కాగితం వాడతాను, పెద్ద ఎచింగ్‌లకు నూరు శాతం పత్తితో చేసిన మూడు వందల జీఎస్ఎం (చదరపు మీటరుకు మూడు వందల గ్రాములు తూగే) కాగితం కొంటాను. అందులో నామోషీ ఏమీ కనిపించలేదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, పారిస్‌లోని అతెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో పేరు తెచ్చుకున్న ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి గారి విస్కాసిటీ పద్ధతినే తీసుకోండి. ఒకే ప్లేటును వేర్వేరు లోతుల్లో చెక్కి, అవిసె నూనె పాళ్లు మార్చి ఒక సిరాను పలుచగా, ఇంకొకదాన్ని చిక్కగా చేసి, గట్టి రోలరుతో ఒకటి, మెత్తని రోలరుతో ఒకటి పూసి, రంగులన్నీ ఒకే దెబ్బకు అచ్చు వేయడం ఆ పద్ధతి. అంత లోతున్న ప్లేటు కాగితాన్ని ఎంతగా సాగదీస్తుందో ఆలోచించండి. అటువంటి చోట కాగితం మీద ప్రయోగాలు చేస్తే, చెడింది ప్లేటో కాగితమో ఎప్పటికీ తేలదు.

ప్రశ్న: నేను కొల్లిపర వైపు ఒక బడిలో డ్రాయింగు చెబుతాను. మా చుట్టూ గోగు, అరటి, వరిగడ్డి, పత్తి, మిరప తొడిమలు దండిగా ఉన్నాయి. వీటితో కాగితం చేసి, దాని మీదే పిల్లల చేత అచ్చులు వేయించాలని ఉంది. ఏది మొదలుపెట్టమంటారు? ఇంట్లో మిక్సీ సరిపోతుందా?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీరు రాసిన వరుసలో మొదటిదే మొదలుపెట్టండి. గోగు నార కాగితానికి పుట్టినట్టే ఉంటుంది. గోంగూర కోసం లేతగా తుంచే మొక్క దీనికి పనికిరాదు. నిలువుగా పెరిగి పూతకు వచ్చాక కోసి, కట్టలు కట్టి, చెరువులో నానేసి తీసిన నార కావాలి. జపాన్‌లో కోజో బెరడుతో, నేపాల్‌లో లోక్తా బెరడుతో వందల ఏళ్లుగా చేస్తున్న కాగితాలన్నీ ఇటువంటి బెరడు నారలవే. వాటి పోగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి పలుచగా తీసినా కాగితం చిరగదు.

నారను అంగుళం ముక్కలుగా కత్తిరించి ఒక రాత్రి నానబెట్టండి. ఎండు నార బరువులో అయిదో వంతు బట్టల సోడాను నీటిలో కరిగించి, అందులో రెండు మూడు గంటలు ఉడికించండి. గిన్నె స్టీలుదై ఉండాలి; అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది. పోగును నిలువునా లాగితే సులువుగా విడిపోయేదాకా ఉడకాలి. సోడా తీసేసే మురికి, అంటే లిగ్నిన్, కాగితంలో మిగిలిపోతే వెలుతురుకు పసుపెక్కుతుంది. అందుకే కడగడం ఉడికించడం కంటే ముఖ్యం. నీళ్లు తేటగా వచ్చేదాకా, పీహెచ్ కాగితం ఏడు చూపేదాకా కడగాలి. కాస్టిక్ సోడా వేస్తే త్వరగా ఉడుకుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, పిల్లలున్న చోటికి రాకూడదు. ఉడికిన నల్లనీళ్లను వెనిగర్‌తో విరిచి, బాగా పలుచన చేశాక పారబోయండి, పంట కాలువలోకి మాత్రం వదలకండి.

ఇక మిక్సీ సంగతి. మిక్సీ బ్లేడు పోగును కోస్తుంది, కాగితానికి కావలసింది పోగు నలగడం. నలిగిన పోగు కొసలు నూలుచివరల్లా చీలి, ఒకదానికొకటి అల్లుకుంటాయి. పదిహేడో శతాబ్దపు డచ్చివాళ్లు కనిపెట్టిన హాలెండర్ బీటరు చేసేది ఆ నలిపే పనే. మీకు అంత యంత్రం అక్కర్లేదు. రోలూ రోకలీ ఉంటే గోగు నారకు అంతకన్నా మంచి సాధనం లేదు. అరగంట దంచి, ఒక చిటికెడు తీసి గాజుసీసా నీటిలో వేసి కుదిపి చూడండి. ఉండలు లేకుండా మేఘంలా పరుచుకుంటే చాలు. ఆ తరువాత మిక్సీలో రెండు క్షణాలు తిప్పితే తప్పేమీ లేదు. నేను మొదట చేసిన గోగు కాగితాలకు దంచే ఓపిక లేక మొత్తం మిక్సీకే అప్పగించాను. ఆరాక చేత్తో పట్టుకుంటే అటుకుల్లా రాలాయి.

అరటి దవ్వలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే కాబట్టి బండెడు బోదెలకు దోసెడు నార దక్కుతుందని ముందే లెక్క వేసుకోండి. ఆ కాగితం కొద్దిగా పారదర్శకంగా, గలగలలాడుతూ అందంగా ఉంటుంది, ఆరేటప్పుడు బాగా ముడుచుకుంటుంది. దాన్ని పలుచగా తీసి, మందపాటి కాగితం మీద గోధుమ గంజితో అంటిస్తూ ఒకే నొక్కులో అచ్చు కూడా వేసే షీన్ కొలే పద్ధతికి వాడితే దాని గుణం బయటపడుతుంది. వరిగడ్డిలో ఇసుకలాంటి సిలికా ఎక్కువ, పోగు పొట్టి. అది ఒంటరిగా నిలబడదు. పత్తి గుజ్జులో పావు వంతు కలిపితే రంగు బాగుంటుంది.

పత్తి విషయంలో ఒక చిన్న చిక్కుంది. గుంటూరు జిన్నింగ్ మిల్లుల్లో దూదిగా విడిపోయేది బట్టలకు పోతుంది. గింజకు ఇంకా అంటుకుని ఉండే పొట్టి నూగును లింటర్ అంటారు, దాన్ని నూనె ఆడే ముందు తీస్తారు, కాగితానికి పనికొచ్చేది అది. మీకు అంతకంటే సులువుగా దొరికేవి దర్జీ దగ్గరి తెల్లని కాటన్ పీలికలు. ప్రతి రకం నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. పత్తయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మిగులుతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి పూసవుతుంది. అయితే బట్ట పీలికలు రోటికి లొంగవు, వాటికి బీటరు తప్పదు. మీ బడికి గోగే మేలనడానికి అది మరో కారణం.

మిరప తొడిమలు మానేయండి. చూడముచ్చటగా ఉంటాయని నేనూ ఒకసారి వేశాను. దంచిన రోజు మా వీధంతా తుమ్మింది. అది నవ్వుకునే సంగతే కానీ, కాగితంలో పొడుచుకొచ్చిన గట్టి తునక లినోను నొక్కేస్తుంది, రాగి ప్లేటును గీరేస్తుంది. పూలరేకులు, ఆకులు వేసి చేసిన అలంకరణ కాగితాలన్నింటికీ ఇదే మాట వర్తిస్తుంది.

నీటి గురించి మీరు అడగలేదు, నేనే చెబుతాను. బోరు నీళ్లలో ఇనుము ఉంటే కొన్నాళ్లకు కాగితం మీద తుప్పురంగు చుక్కలు తేలతాయి. బకెట్టు అడుగున ఎర్రటి మడ్డి పేరుకునే నీళ్లయితే కనీసం చివరి కడుగుకైనా, గుజ్జు కలిపే తొట్టికైనా వడపోసిన నీళ్లు వాడండి.

ప్రశ్న: మా నాన్నగారు విజయవాడలో ముప్పై ఏళ్లు లెటర్‌ప్రెస్ నడిపారు. ఆఫ్‌సెట్ వచ్చాక మూతపడింది. ట్రెడిల్ అనే కాలితో తొక్కే అచ్చు యంత్రం ఒకటి, చేతి చక్రంతో తిప్పే బైండింగు ప్రెస్సు ఒకటి మిగిలాయి. పాత ఇనుముకు వేసేయమంటున్నారు. చిత్రకారులకు ఏమైనా పనికొస్తాయా?
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: దయచేసి వేసేయకండి. ట్రెడిల్ మీద ఎచింగ్ అవదు, అంత ఒత్తిడి దానికి లేదు. లినోకు, చిన్న చెక్క దిమ్మెలకు మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. దిమ్మెను అక్షరం ఎత్తుకు, అంటే 0.918 అంగుళానికి, ప్లైవుడ్ అతికించి లేపాలి. ఆ కొలత మీ నాన్నగారికి నిద్రలో అడిగినా చెప్పగలరు. పెద్ద నలుపు పరుపులున్న బొమ్మలు దాని మీద వెలవెలబోతాయి, గీతలున్నవి నిలుస్తాయి. నేర్చుకునేవారిని మొదటి రోజు కాలు తొక్కించండి గానీ చెయ్యి పెట్టనివ్వకండి.

బైండింగు ప్రెస్సు ఇంకా విలువైనది. తొట్టిలోంచి తీసి, కంబళి ముక్కల మధ్య దొంతరగా పేర్చిన తడి కాగితాల్లోంచి నీటిని పిండడానికి కావలసింది సరిగ్గా అటువంటి మరచుట్టు ఒత్తిడే. ఇనుము తడికి తుప్పు కారుతుంది కాబట్టి కిందా పైనా వార్నిష్ పూసిన చెక్క పలకలు పెట్టండి. అది దొరకనివారు ఆటోనగర్‌లో గట్టి ఇనుప చట్రం వెల్డింగు చేయించుకుని, లారీ జాకీ బిగించుకుని కూడా ఇదే పని సాధించవచ్చు.

ప్రశ్న: పెడనలో కలంకారీ దిమ్మెల అచ్చు నేర్చుకుని వచ్చి గుంటూరులో స్టూడియో పెట్టాను. కరక్కాయ, ఇనుప నీళ్లతో వచ్చే నల్లరంగునే నా చేతి కాగితం మీద వాడితే అంతా మనదే అవుతుంది కదా?
— ఒక యువ కళాకారుడు

జవాబు: ఆలోచన ముచ్చటైనదే కానీ కాగితం దాన్ని భరించలేదు. బెల్లంతో ఇనుప ముక్కలు పులియబెట్టి తీసిన నీరు, కరక్కాయలోని టానిన్‌తో కలిసి నలుపవుతుంది. బట్ట మీద ఆ పని అయ్యాక పారే నీటిలో ఉతుకుతారు, మిగులు ఇనుమూ ఆమ్లమూ కొట్టుకుపోతాయి. కాగితాన్ని అలా ఉతకలేం. మిగిలిన ఇనుము పీచును లోలోపలే కాలుస్తుంది. ఐరోపాలో ఇదే జాతి సిరాతో రాసిన పాత రాతప్రతులు అక్షరాల మేరకు చిల్లులు పడ్డాయి. మసి నలుపును అవిసె నూనెలో నూరిన సిరా వాడండి, అది కాగితాన్ని ఏమీ చేయదు. పెడన నుంచి తెచ్చుకోవలసినవి టేకు దిమ్మె, దాని మీది చేతివాటం. బొమ్మ తిరగబడుతుందన్న ఎరుకతో, వంకర లేకుండా, గోడలు లోపలికి కొరుక్కుపోకుండా నిలువుగా చెక్కే ఆ పనితనం ఉడ్‌కట్ నేర్పే ఏ తరగతిలోనూ అంత త్వరగా పట్టుబడదు.

ప్రశ్న: సిరా లేకుండా, కాగితమే బొమ్మగా మారేలా అచ్చు వేయవచ్చా? దాన్ని ప్రింట్ అంటారా, శిల్పం అంటారా?
— ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: వేయవచ్చు, మన దేశంలోనే ఆ పని ఎంతో ఎత్తుకు చేరింది. చిత్రకారుడు, శిల్పి సోమనాథ్ హోర్ 1970లలో మొదలుపెట్టిన 'వూండ్స్' (గాయాలు) వరుస మీరు చూసి తీరాలి. ఆయన మట్టి పలకను కత్తులతో గీరి, పొడిచి, దాని నుంచి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులోకి కాగితం గుజ్జును నొక్కేవారు. తెలుపు మీద తెలుపు తప్ప మరేమీ ఉండదు. 1943 నాటి బెంగాల్ కరువును కళ్లారా చూసి బొమ్మలు గీసిన మనిషి, ముప్పై ఏళ్ల తరువాత మనిషి ఆకారాన్ని కూడా తీసేసి, గాయాన్ని మాత్రమే ఉంచారు. కాగితానికి ఒళ్లుంటుందని నాకు తెలిసింది వాటి వల్లే. ముద్రణ చిత్రకారిణి జరీనా హష్మీ కూడా కాగితం గుజ్జును పోతపోసి పనిచేశారు. పేరేం పెట్టాలన్న చర్చకు నా దగ్గర ఓపిక తక్కువ. అచ్చు ఉంది, దాని నుంచి ఒకటికి మించి ప్రతులు తీయవచ్చు, నాకు అది ప్రింటే.

చేసి చూడాలనుకుంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలకతో మొదలుపెట్టండి, అది నీటిని తానే పీల్చుకుంటుంది. గాడుల గోడలు పైకి వెడల్పుగా ఉండాలి, లేకపోతే కాగితం బయటికి రాదు. గుజ్జుగా తక్కువగా దంచిన పత్తిని తీసుకోండి. ఎక్కువ దంచినదీ, గోగూ, అరటీ ఆరేటప్పుడు ముడుచుకుని అచ్చులోంచి ముందే లేచిపోతాయి. స్పాంజితో నొక్కుతూ నీరు తీసి, పలక మీదే రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. తొందరపడి ఎండలో పెట్టకండి.

ప్రశ్న: సొంత కాగితం మీద పన్నెండు ప్రతులు తీశాను. ఏ రెండు కాగితాలూ ఒకలా లేవు. అయినా పన్నెండింటిలో ఒకటోది, రెండోది అన్నట్టు 1/12, 2/12 అని వేయవచ్చా?
— మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: సిరా, ప్లేటు, తుడిచిన తీరు ఒకటే అయి, కాగితంలో తేడా రంగు ఛాయకో అంచుకో పరిమితమైతే నిస్సంకోచంగా వేయండి. బొమ్మ కనిపించే తీరే మారిపోతుంటే దాన్ని వేరియబుల్ ఎడిషన్ అని అంకెల పక్కనే రాయడం మర్యాద, కొనేవారికి అది తెలియాలి. ఎడమ కింద అంకె, మధ్యలో పేరు, కుడివైపు సంతకం, అన్నీ పెన్సిలుతోనే. బాల్‌పెన్ను సిరా కొన్నాళ్లకు వెలుస్తుంది. మీ దగ్గర ఉంచుకునే ఆర్టిస్ట్ ప్రూఫులు పదింట ఒకటికి మించకపోతే మంచిది. ఇంకొక పని చేయండి: ప్రతి విడతలోనూ అచ్చు వేయని కాగితం ఒకటి పక్కన పెట్టి, దాని మీద తేదీ, ఏ నార, ఎంత సోడా, ఎంతసేపు దంచారు, ఏ సైజింగ్ అని రాసి దాచుకోండి. పన్నెండో ప్రతిని కొన్న మనిషి నాలుగేళ్లకు వచ్చి పదమూడోది అడిగితే ఇవ్వలేరు సరే, ఆ కాగితం మీద కొత్త బొమ్మ వేయాలని మీకే అనిపించిన రోజున ఆ ఒక్క ముక్కే దారి చూపుతుంది.